ఇంటి దగ్గర కూర్చుని ఆస్ట్రేలియాలో జరిగే క్రికెట్ టెస్ట్ ఎలా చూడాలి

డిసెంబర్ చివరి వారం. తెల్లవారుజామున నాలుగున్నరకి కాకినాడలో మా వీధి చివరి గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. అమ్మ వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతుంది. ఆవిడ ముగ్గుకి చుక్కలు పెట్టే వేళకి నేను ముందుగదిలో టీవీ పెట్టి సౌండు బాగా తగ్గిస్తాను. అక్కడ మెల్‌బోర్న్‌లో పొద్దు బారెడెక్కి ఉంటుంది. తెల్లబట్టల్లో పదకొండుమంది గడ్డి మీదికి నడిచి వస్తుంటారు. మన కిటికీలో ఇంకా చీకటి, టీవీలో మాత్రం ఎర్రటి ఎండ.

ధనుర్మాసంలో ఆస్ట్రేలియా టూర్ పడిన ఏడాది నాకు పండగ నెలరోజుల ముందే వస్తుంది. ఈ ఆనందం మీకూ దక్కాలని ఇది రాస్తున్నాను. "ఐదు రోజులు ఎవరు చూస్తారండీ" అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఐదు రోజులూ టీవీ ముందు కూర్చోమని నేను చెప్పను. దూరదేశపు టెస్ట్‌ని చూసే పద్ధతి వేరే ఉంది. స్టేడియంలో ఉన్నవాళ్లకి ఆ రోజంతా ఆటే. మనకి ఆటా ఉంటుంది, మన రోజూ ఉంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన నడిపించడం తెలిస్తే చాలు.

ముందు గడియారం సంగతి తేల్చుకోండి

టూర్ షెడ్యూల్ రాగానే ఒక కాగితం మీద ఊరి పేరు, మనకీ దానికీ గంటల తేడా, మన టైము రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆస్ట్రేలియా అంతటికీ ఒకటే టైము అనుకుంటే దెబ్బతింటారు. పెర్త్ మనకంటే రెండున్నర గంటలే ముందు. బ్రిస్బేన్ నాలుగున్నర గంటలు ముందు. అక్కడి ఎండాకాలంలో, అంటే మన డిసెంబర్, జనవరి నెలల్లో, అడిలైడ్ ఐదు గంటలు, మెల్‌బోర్న్, సిడ్నీ ఐదున్నర గంటలు ముందుంటాయి. బ్రిస్బేన్, సిడ్నీ రెండూ తూర్పు తీరంలోనే ఉన్నా గంట తేడా ఎందుకంటే, బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకి జరపదు. సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్‌లలో జరుపుతారు.

2024-25 టూర్‌లో మన లెక్క ఇలా వచ్చింది. పెర్త్ ఉదయం 7:50కి, బ్రిస్బేన్ 5:50కి, మెల్‌బోర్న్, సిడ్నీ సరిగ్గా 5 గంటలకి. అడిలైడ్‌లో రాత్రి లైట్ల కింద కూడా సాగే గులాబీ బంతి టెస్ట్ కాబట్టి తీరుబడిగా 9:30కి. ప్రతి టూర్‌కీ పది ఇరవై నిమిషాలు అటూఇటూ అవుతాయి కాబట్టి ముందు రోజు ఒకసారి సరిచూసుకోండి.

మెల్‌బోర్న్ టెస్ట్‌నే తీసుకుని రోజుని విడదీద్దాం. మొదటి సెషన్ మన ఐదు నుంచి ఏడు దాకా. ఏడింటికి లంచ్, నలభై నిమిషాలు. 7:40 నుంచి 9:40 దాకా రెండో సెషన్. ఇరవై నిమిషాలు టీ. పది నుంచి పన్నెండు దాకా మూడోది. తొంభై ఓవర్లు పూర్తి కాకపోతే ఇంకో అరగంట. ప్రతి సెషన్‌లో గంట గడిచాక డ్రింక్స్ వస్తాయి. అంటే వాళ్లు లంచ్‌కి వెళ్లేసరికి మనం ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టుకోవచ్చు. నలభై నిమిషాల్లో స్నానం, పూజ, టిఫిను అన్నీ అయిపోతాయి. ఈ అమరిక నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకా హాయి. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. మెల్‌బోర్న్‌లో మొదటి బంతి పడేటప్పటికి వాడికి ముందురోజు సాయంత్రం ఐదున్నర. ఆఫీసు అయ్యాక మొదలుపెట్టి అర్ధరాత్రి దాటాక ఒంటిగంట లోపు ఆట మొత్తం చూసేయొచ్చు. లండన్‌లో ఉన్నవాళ్లకే కష్టం, రాత్రి 11:30కి మొదలవుతుంది. వాళ్లు మొదటి సెషన్ చూసి పడుకోవడం మేలు.

రాత్రే చేసుకోవాల్సిన పనులు

ప్రసార హక్కులు టూర్ టూర్‌కీ చేతులు మారతాయి. ఏ ఛానెల్లో వస్తుందో, ఏ యాప్‌లో వస్తుందో ముందురోజు సాయంత్రమే చూసుకోండి. డిష్ రీఛార్జ్, యాప్ పాస్‌వర్డ్ కూడా అప్పుడే. తెల్లవారుజామున ఐదుకి ఓటీపీ కోసం ఇంట్లోవాళ్లని లేపి ఫోను అడిగే పరిస్థితి రాకూడదు.

పదింటికల్లా పడుకోండి. ఈ ఒక్కటీ పాటించకపోతే మూడో రోజుకి ఒళ్లు మొరాయిస్తుంది. డికాక్షన్ రాత్రే దించి పెట్టుకోండి, పొద్దున పాలు కాచుకుంటే సరి. మిక్సీ వేయొద్దు, గిన్నెలు చప్పుడు చేయొద్దు. పక్కగదిలో పడుకున్నవాళ్ల నిద్ర చెడితే రెండో రోజు నుంచి టీవీ మీకు దక్కదు. శాలువా, నోట్‌బుక్, పెన్ను కుర్చీ దగ్గర పెట్టుకోండి. నోట్‌బుక్ ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఒక్క సెషన్ ఎంచుకుని దాన్ని పూర్తిగా చూడండి

రోజంతా అరకొరగా చూడటం కంటే ఒక్క సెషన్‌ని ఫోను పక్కన పెట్టి చూడటం మంచిది. ఉద్యోగస్తులకి ఐదు నుంచి ఏడు దాకా ఉన్న మొదటి సెషన్ దేవుడిచ్చిన వరం. ఎవరూ ఫోన్ చేయరు. పాలవాడు తప్ప ఎవరూ తలుపు కొట్టరు.

ఆ మొదటి గంటలో పరుగులు చూడకండి. బ్యాట్స్‌మన్ ఎన్ని బంతులు వదిలేస్తున్నాడో చూడండి. మన పిచ్‌ల మీద వికెట్ల ఎత్తులో వచ్చే బంతిని వదిలేస్తే ప్రమాదం. ఆస్ట్రేలియాలో బౌన్స్ ఎక్కువ కాబట్టి, బంతి పిచ్ మీద ఎక్కడ పడుతోందో సరిగ్గా చదివిన బ్యాట్స్‌మన్ స్టంప్స్ మీదికి వస్తున్న బంతిని కూడా చేతులెత్తి వదిలేస్తాడు. అది స్టంప్స్ మీదుగా వెళ్లి కీపర్ ఛాతీ దగ్గర చేతుల్లో పడుతుంది. ఆ వదిలేయడంలో ఎంత లెక్క, ఎంత ధైర్యం ఉన్నాయో ఒకసారి కంటికి పట్టుబడితే మళ్లీ మళ్లీ దాని కోసమే చూస్తారు.

తర్వాత స్లిప్‌లో, అంటే కీపర్ పక్కన క్యాచ్ కోసం, ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి. స్లిప్‌లో ముగ్గురు, వాళ్ల పక్కన గల్లీ అనే చోట ఒకరితో మొదలవుతుంది. కాసేపటికి మూడో స్లిప్ నుంచి ఒకరిని తీసి పరుగులు ఆపడానికి దూరంగా కవర్స్‌కి పంపిస్తే ఆట బ్యాటింగ్ వైపు కాస్త మొగ్గిందని కెప్టెన్ నోటితో చెప్పకుండా ఒప్పుకున్నట్టే. వ్యాఖ్యాతలు చెప్పేలోపు మీరే కనిపెడితే ఆ సంతోషం వేరు. అక్కడ వాడే కూకబుర్రా కంపెనీ బంతి కొత్తగా ఉన్నంతసేపే ఎక్కువగా కదులుతుంది. మెత్తబడ్డాక బ్యాట్స్‌మన్‌కి రోజులు మంచివి. మళ్లీ 80 ఓవర్లు అయ్యాక కొత్త బంతి తీసుకోవచ్చు. కాబట్టి రెండో సెషన్, మూడో సెషన్ వదిలేసినా సరే, కొత్త బంతి తీసుకునే ఓవర్ ఎప్పుడు వస్తుందో లెక్కేసుకుని ఆ అరగంటకి తిరిగి రండి.

వ్యాఖ్యానం కాసేపు ఆపేసి వినగలిగితే వినండి. స్టంప్ మైకులో బంతి పిచ్ మీద పడిన చప్పుడు, బ్యాట్ మీద పడిన చప్పుడు వేరువేరుగా తెలుస్తాయి. మెల్‌బోర్న్‌లో సీగల్ అనే సముద్రపు పక్షులు గుంపులుగా వచ్చి బౌండరీ దగ్గర వాలతాయి. బంతి అటు దొర్లితే లేచి, మళ్లీ అక్కడే వాలతాయి. మూడో సెషన్‌కి స్టాండ్ల నీడ మైదానం మీదికి పాకుతుంది. బౌలర్ ఎండలోంచి పరుగెత్తుకొచ్చి నీడలో బంతి వేస్తాడు. అప్పుడు మనకి పట్టపగలు పదకొండు. వాళ్ల సాయంత్రాన్ని మన పొద్దుటిపూట చూస్తుంటాం.

నోట్‌బుక్‌లో రాసుకోండి

ఇది నా సలహాల్లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది. మామూలు రెండువందల పేజీల నోట్‌బుక్ చాలు. ఒక ఓవర్‌కి ఒక గీత. ఎడమవైపు ఓవర్ నంబరు, బౌలర్ పేరులో మొదటి అక్షరం. తర్వాత ఆరు బంతులు. పరుగు రాకపోతే చుక్క. వస్తే అంకె. వికెట్ పడితే అడ్డగీత, పక్కన ఎవరు, ఎలా. బ్యాట్స్‌మన్ వదిలేసిన బంతికి నేను చుక్క చుట్టూ చిన్న సున్నా చుడతాను, అది నా సొంత అలవాటు. మీరు చూడని ఓవర్లకి ఖాళీ వదిలేసి, తిరిగి వచ్చాక స్కోరు మాత్రం రాయండి. సెషన్ చివర ఒక గీత కొట్టి మూడు అంకెలు వేయండి: ఎన్ని ఓవర్లు, ఎన్ని పరుగులు, ఎన్ని వికెట్లు.

మొదట్లో ఇది పిల్లల చేత చేయించే చూచిరాతలా అనిపిస్తుంది. రెండో రోజుకి తేడా తెలుస్తుంది. చుక్క పెట్టాలంటే ఆ బంతిని చూడాలి. ఏమీ జరగలేదనుకున్న బంతిలోనే బౌలర్ ఒక అడుగు దూరం నుంచి వేశాడనో, బ్యాట్స్‌మన్ వెనక్కి కదిలాడనో కనిపిస్తుంది.

2021 జనవరి 11, సిడ్నీ టెస్ట్ చివరి రోజు. భోగికి ఇంకా రెండు రోజులు. గెలవాలంటే 407, అది అందదు. రిషభ్ పంత్ 97 కొట్టి కాసేపు ఆశపెట్టి వెళ్లిపోయాడు. చతేశ్వర్ పుజారా 205 బంతులు ఆడి 77 దగ్గర అవుటయ్యాడు. తర్వాత మా కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో, నడుం పట్టేసిన అశ్విన్‌తో కలిసి నిలబడ్డాడు. విహారి 161 బంతులకి 23 పరుగులు. అశ్విన్ 128 బంతులకి 39. ఇద్దరూ అవుట్ కాలేదు. 131 ఓవర్లకి 334కి 5, టెస్ట్ డ్రా.

ఆ రోజు నా నోట్‌బుక్‌లో పేజీల తరబడి చుక్కలే. అమ్మ కాఫీ ఇచ్చి భుజం మీదుగా తొంగిచూసి, "ఇదేంట్రా, ముగ్గు నువ్వు కూడా మొదలెట్టావా? చుక్కలు పెట్టి కలపడం మానేశావేం?" అంది. ఆవిడకి విషయం చెప్పాను, కాలు పట్టేసినా కుర్రాడు ఎలా నిలబడ్డాడో చూపించాను. ఆవిడ పదినిమిషాలు నిలబడే చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. కూరగాయల బుట్ట కూడా ముందుగదిలోకే వచ్చింది. హైలైట్స్‌లో ఆ పూట రెండు నిమిషాలు కూడా రాదు. అది తెలియాలంటే చుక్కలు చూసి ఉండాలి.

ఆఫీసుకి వెళ్లక తప్పనప్పుడు

తొమ్మిదింటికి మీరు బయల్దేరతారు, రెండో సెషన్ ఇంకా నడుస్తుంటుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ప్రతి బంతికీ ఫోను తీసి స్కోరు చూస్తారు. అలా చూస్తే ఆటా అందదు, పనీ సాగదు. రోజుకి ఆరుసార్లు చాలు: మూడు డ్రింక్స్, లంచ్, టీ, ఆట ముగింపు. మెల్‌బోర్న్, సిడ్నీలకైతే మన 6, 7, 8:40, 9:40, 11, ఆపైన పన్నెండు దాటాక. బండి నడిపేటప్పుడు వద్దు. ఆకాశవాణి వ్యాఖ్యానం వస్తుంటే బస్సులోనో రైల్లోనో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, టెస్ట్‌కి రేడియో అంత బాగా ఇంకేదీ అతకదు.

స్కోరు చూసేటప్పుడు మొత్తం పరుగుల కంటే ముందు ఓవర్లు చూడండి. గంటలో 13 ఓవర్లు పడి 22 పరుగులొచ్చి వికెట్ పడకపోతే అక్కడ పెద్ద పోరాటం జరుగుతున్నట్టు. తర్వాత ఇప్పుడు బౌలింగ్ చేస్తున్నది ఎవరో చూడండి. ప్రధాన ఫాస్ట్ బౌలర్‌ని ఆరో ఓవర్, ఏడో ఓవర్ కూడా ఆపకుండా వేయిస్తున్నారంటే కెప్టెన్ వికెట్ కోసం ఆరాటపడుతున్నాడు. పార్ట్ టైమ్ బౌలర్ పేరు కనిపిస్తే బౌలర్లు అలసిపోయారు. నాలుగు అంకెల్లోంచి మైదానం మొత్తం కళ్లముందుకి తెచ్చుకోవడం ఒక కళ. అభ్యాసంతో వస్తుంది.

ఆ కళ కొత్తదేమీ కాదు. 1938లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్‌లో ఆడుతుంటే, ఆస్ట్రేలియా రేడియోవాళ్లు సిడ్నీ స్టూడియోలో కూర్చుని వ్యాఖ్యానం చెప్పారు. ఇంగ్లండ్ నుంచి కేబుల్‌లో ప్రతి ఓవర్ వివరాలూ పొడిపొడి మాటల్లో వచ్చేవి. వాటిని పట్టుకుని, కళ్లారా చూస్తున్నట్టు బంతి బంతీ వర్ణించేవారు. బ్యాట్ చప్పుడు కోసం పెన్సిల్‌తో చెక్క మీద కొట్టేవారు. చప్పట్లు రికార్డు మీంచి వచ్చేవి. వినేవాళ్లకి అది స్టూడియోలో అల్లిందని తెలుసు. తెలిసీ అర్ధరాత్రి దాకా మేలుకుని విన్నారు.

మా నాన్న తరం కూడా అంతే. షార్ట్‌వేవ్‌లో రేడియో ఆస్ట్రేలియా పట్టుకునేవారు. శబ్దం అలలా దగ్గరికి వచ్చి మళ్లీ దూరమయ్యేది. 1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో గెలవడానికి ఆస్ట్రేలియాకి 143 కావాలి. తొడ గాయంతోనే కపిల్ దేవ్ 28 పరుగులకి 5 వికెట్లు తీశాడు, ఆస్ట్రేలియా 83కి ఆలౌట్. ఒక్కో వికెట్ పడినప్పుడు వ్యాఖ్యాత గొంతు పైకి లేచేదని, సరిగ్గా అప్పుడే గరగరమని పేరు వినపడకుండా పోయేదని, ఎవరు అవుటయ్యారో తెలియడానికి ఇంకో ఓవర్ ఆగాల్సి వచ్చేదని నాన్న ఇప్పటికీ చెప్తారు. ఆ ఓవర్‌సేపు రేడియో చుట్టూ ఉన్నవాళ్లెవరూ ఊపిరి తీసుకోలేదట.

అంతకుముందు పేపరే గతి. 1968లో మన జట్టులో గాయాలైతే హైదరాబాద్ నుంచి ఎం.ఎల్. జయసింహని హడావుడిగా పిలిపించారు. దిగిన కొద్ది రోజులకే బ్రిస్బేన్ టెస్ట్‌లో 74, 101 కొట్టాడు. మనం 39 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ వార్త చదివి, ఆ నూరు ఎలా కొట్టి ఉంటాడో హైదరాబాద్ హోటళ్లలో ఎంతమంది ఎన్ని రకాలుగా ఊహించుకుని ఉంటారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సాయంత్రం చూడాలనుకుంటే

స్కోరు తెలియకుండా ఉండాలి. వాట్సాప్ గ్రూపులన్నీ మ్యూట్ చేయండి, స్కోరు నోటిఫికేషన్లు ఆపండి. పక్క సీటాయనకి ముందే చెప్పండి. హైలైట్స్ ఇరవై నిమిషాలవి కాకుండా గంటవి దొరికితే అవే చూడండి. చిన్న హైలైట్స్‌లో ఫోర్లు, వికెట్లు తప్ప ఏమీ ఉండవు. ఎందుకు పడిందో తెలియని వికెట్ చూసి లాభం లేదు.

తోడు పెట్టుకోండి, దూరంగా ఉన్నా సరే

నేనూ తమ్ముడూ పద్దెనిమిదేళ్లు ఒకే గదిలో పడుకుని లేచినవాళ్లం. ఇప్పుడు ఏడాది మొత్తం మీద మేం ఎక్కువసేపు మాట్లాడుకునేది టెస్ట్ జరిగే రోజుల్లోనే. "అన్నయ్యా, లేచావా" అని వాడి మెసేజ్ నాలుగూ యాభైకి వస్తుంది. వాడక్కడ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి ఉంటాడు. లౌడ్‌స్పీకర్‌లో పెట్టుకుని ఇద్దరం ఒక సెషన్ చూస్తాం. పది నిమిషాలపాటు ఎవరం మాట్లాడం, ఒక్కోసారి. ఫోను మాత్రం పెట్టేయం.

ఇలా చూసేవాళ్లు ఒక నియమం పెట్టుకోవాలి. డిష్‌లో ముందొస్తుంది, యాప్‌లో అరనిమిషం దాకా వెనకపడుతుంది. ముందు చూసినవాళ్లు అరవకూడదు. అవతలివాళ్లు "అయ్యో" అనేదాకా ఓపికపట్టాలి. మొదటి ఓవర్‌లోనే ఇద్దరి మధ్యా ఎన్ని సెకన్ల తేడా ఉందో లెక్కపెట్టుకుని, వెనక ఉన్నవాళ్లకే మాట్లాడే హక్కు ఇవ్వండి.

2024 డిసెంబర్ 28, శనివారం. మెల్‌బోర్న్‌లో మూడో రోజు. ఆస్ట్రేలియా 474కి మనం 191కే 6 పోగొట్టుకున్నాం. ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సిరావడం, తప్పాలంటే 275 కావాలి. ఎనిమిదో నంబరులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి వచ్చాడు. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. సుందర్ 162 బంతులాడి 50 చేశాడు, ఆ పక్కన నిలకడ లేకపోతే ఈ పక్క నూరు లేదు. టీ తర్వాత సుందర్ వెళ్లాడు. నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా సున్నాకి అవుట్. ఇక మిగిలింది సిరాజ్ ఒక్కడే, ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ ఓవర్‌లో ఇంకా మూడు బంతులున్నాయి.

ఆ మూడు బంతులూ మా ఫోన్లో శబ్దం లేదు. సిరాజ్ మూడూ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా కొట్టాడు, ఫోర్. బ్యాట్‌ని నేలకి ఆనించి దాని మీద హెల్మెట్ పెట్టి, మోకాలి మీద కూర్చున్నాడు. కెమెరా స్టాండ్‌లో ఏడుస్తున్న వాళ్ల నాన్నగారిని చూపించింది. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి. నేను నియమం పాటించి నోరు నొక్కుకుని ఆగాను. ఇరవై సెకన్ల తర్వాత డాలస్ నుంచి వాడి అరుపు వినిపించింది. అక్కడ అర్ధరాత్రి. వాడి పిల్లలు లేచిపోయారు. తర్వాత ఇద్దరం ఏడ్చాం, దాచుకోవాల్సిందేమీ లేదు.

ఆ టెస్ట్ మనం 184 పరుగుల తేడాతో ఓడిపోయాం. అయినా ఆ శనివారాన్ని ఎవరూ మా దగ్గర్నుంచి తీసుకోలేదు. ఫలితం కోసమే చూసేవాళ్లకి ఈ సంగతి చెప్పి ఒప్పించడం కష్టం, ఒక ఉదయం పక్కన కూర్చోబెట్టుకోవాలి. 2000 జనవరిలో సిడ్నీలో వి.వి.ఎస్. లక్ష్మణ్ కొట్టిన 167 కూడా ఇన్నింగ్స్ 141 పరుగుల తేడాతో ఓడిన మ్యాచ్‌లోదే. 198 బంతులు, 27 ఫోర్లు. ఆ ఇన్నింగ్స్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా ఓటమి ప్రస్తావన తెస్తారా?

వాన, వెలుతురు లేని రోజులు

వాన పడితే టీవీ ఆపేయండి. గంటకోసారి చూడండి. ఆగిన ఓవర్లు తర్వాత రోజు కొంత ముందుగా మొదలుపెట్టి సర్దుతారు కాబట్టి, వాన పడిన మర్నాడు అలారం ఒక అరగంట ముందుకి జరుపుకోవడం మర్చిపోకండి. చాలామంది మొదటి ఆరేడు ఓవర్లు పోగొట్టుకునేది ఇక్కడే.

ఐదో రోజుకి సెలవు పెట్టండి

నాలుగో రోజు ఆట ముగిసే సమయానికి మూడు ఫలితాలూ సాధ్యమే అనిపిస్తే, మారుమాట లేకుండా మర్నాడు సెలవు పెట్టేయండి. 2021లో కనుమ రోజున మొదలైన బ్రిస్బేన్ టెస్ట్ అలాంటిదే. 1988 నుంచి అప్పటిదాకా బ్రిస్బేన్‌లోని ఆ గబ్బా మైదానంలో ఆస్ట్రేలియా ఓడలేదు. మనవాళ్లు అంతకుముందు నెలలోనే అడిలైడ్‌లో 36కి ఆలౌటైనవాళ్లు. సగం జట్టు గాయాలతో బయటుంది. ఆటో నడిపి పెంచిన తండ్రి పోతే ఇంటికి వెళ్లకుండా అక్కడే ఉండిపోయిన మన హైదరాబాదీ సిరాజ్, రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకి 5 వికెట్లు తీశాడు. జనవరి 19న 328 కొట్టాలి. గిల్ 91, ఒంటి మీద దెబ్బ మీద దెబ్బ తింటూ పుజారా 211 బంతులకి 56, పంత్ 89 నాటౌట్. మూడు వికెట్ల తేడాతో గెలిచాం. ఆ రోజు సెలవు పెట్టినవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు. పెట్టనివాళ్లు కూడా ఎందుకు పెట్టలేదో చెప్పుకుంటారు.

ఇంగ్లండ్ టూర్‌కి సెలవు అక్కర్లేదు, అరపూట పర్మిషన్ చాలు. అక్కడ పదకొండంటే ఎండాకాలంలో మనకి మధ్యాహ్నం 3:30. 2025 ఆగస్టు 4, సోమవారం, ఓవల్. ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. గంట లోపే అయిపోయింది. సిరాజ్ కాళ్ల దగ్గర పడే యార్కర్‌తో అట్కిన్సన్ స్టంప్ లేపేశాడు, 6 పరుగులతో గెలిచాం. ఐదు టెస్టుల్లో 185 ఓవర్లకి పైగా వేసిన మనిషి ఆఖరి బంతిని కూడా అంత వేగంగా ఎలా వేశాడో ఇప్పటికీ ఆశ్చర్యమే. మా ఆఫీసులో టీ పట్టుకొచ్చే అబ్బాయి కూడా ట్రే కింద పెట్టి నిలబడిపోయాడు. టీ చల్లారినా ఎవరూ ఏమీ అనలేదు.

సిరీస్ అయ్యాక నోట్‌బుక్ పారేయకండి. చివరి పేజీలో మన జట్టు తర్వాత ఏ దేశం వెళ్తోందో, గంటల తేడా ఎంతో రాసి పెట్టుకోండి. దక్షిణాఫ్రికా అయితే మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రెండు మధ్య మొదలవుతుంది. వెస్టిండీస్ అయితే రాత్రి భోజనాల వేళ. న్యూజిలాండ్‌లో పదకొండింటికి ఆట మొదలైతే మనకి తెల్లవారుజామున మూడున్నర. అలారం మూడూ పదికి పెట్టుకోండి, డికాక్షన్ మామూలు కంటే కాస్త చిక్కగా దించుకోండి.